అండమాన్‌లో ఎక్కడ తినాలి, ఏ వేళకి తినాలి

అండమాన్ టూర్ వేసుకునేవాళ్లు ముందు బీచ్‌ల లిస్టు రాసుకుంటారు, తర్వాత హోటల్ రూములు, ఆపైన ఫెర్రీ టికెట్లు చూసుకుంటారు. తిండి సంగతి అక్కడికెళ్లాక చూద్దాంలే అని వదిలేస్తారు. వేరే ఊళ్లకైతే అది చెల్లుతుందేమో గానీ అండమాన్‌లో చెల్లదు. అక్కడ ఎక్కడ తినాలన్నది గడియారం చూసుకుని తేల్చుకోవాలి. ఆ దీవులు మనకి బాగా తూర్పున ఉన్నాయి, టైము మాత్రం మనదే. అందుకే డిసెంబర్‌లో సాయంత్రం ఐదుకల్లా పొద్దు గుంకుతుంది. ఎండాకాలంలో కూడా ఆరు దాటదు. తెల్లవారుజామున ఐదు, ఐదున్నరకే వెలుతురు వచ్చేస్తుంది. ఊళ్లు ఆ వెలుతురుని బట్టే లేస్తాయి, వండుకుంటాయి, పడుకుంటాయి. మన అలవాటు ప్రకారం రాత్రి తొమ్మిదిన్నరకి తీరిగ్గా బయల్దేరితే చిన్న దీవుల్లో చాలా చోట్ల పొయ్యి ఆర్పేసి గిన్నెలు తోముతూ ఉంటారు.

మా ఆడపడుచు వాళ్లు పోర్ట్ బ్లెయిర్‌లో స్థిరపడ్డారు. వాళ్లింటికి వెళ్లొస్తూ ఉంటాం కాబట్టి ఆ బజార్లు నాకు బాగా అలవాటు. మా బంధువుల్లో, ఆఫీసులో ఎవరు అండమాన్ వెళ్తున్నా నాకు ఫోన్ చేసి మొదట అడిగేది తిండి గురించే. వాళ్లకి చెప్పేదే ఇక్కడా రాస్తున్నాను.

ముందుగా పేర్లు. 2018లో హావ్‌లాక్‌ని స్వరాజ్ ద్వీప్ అని, నీల్‌ని షహీద్ ద్వీప్ అని మార్చారు. 2024లో పోర్ట్ బ్లెయిర్ శ్రీ విజయపురం అయింది. కాగితాల మీద కొత్త పేర్లు కనిపిస్తే కంగారు పడకండి. ఆటోవాళ్ల నోట, హోటళ్లలో ఇంకా పాత పేర్లే ఎక్కువ నడుస్తున్నాయి, నేనూ అవే వాడతాను.

మీ రోజుని ఇలా కట్టుకోండి. పొద్దున ఏడు లోపు టిఫిన్, పన్నెండుకి అసలు భోజనం, రాత్రి ఏడు, ఏడున్నరకి తేలిగ్గా ఏదైనా. మధ్యాహ్న భోజనాన్ని పెద్దది చేయమని చెప్పడానికి నాకు బలమైన కారణం ఉంది. పడవలు తెచ్చిన చేపని పొద్దున కొనుక్కుని, చిన్న భోజన హోటళ్లవాళ్లు మధ్యాహ్నానికి ఒక్కసారే వండుతారు. పన్నెండుకి వెళ్తే కూర పొయ్యి మీంచి అప్పుడే దిగి ఉంటుంది, మంచి ముక్కలుంటాయి. రెండు దాటాక వెళ్తే అడుగు పులుసు, తోక ముక్కలు మిగులుతాయి, ఒక్కోసారి అవీ ఉండవు. రాత్రి పూట టూరిస్టు రెస్టారెంట్లే ఎక్కువ తెరిచి ఉంటాయి. అక్కడ ధరలూ ఎక్కువే, వెయిటింగూ ఎక్కువే. అంచేత డబ్బు, ఆకలి రెండూ మధ్యాహ్నానికి దాచుకోండి.

పోర్ట్ బ్లెయిర్‌లో తిండికి నడిబొడ్డు అబర్డీన్ బజార్. గడియార స్తంభం చుట్టూ ఉన్న వీధుల్లో తమిళ మెస్సులు, బెంగాలీ భోజనం, ఉత్తరాది రొట్టెలు, బిర్యానీలు అన్నీ దొరుకుతాయి. సెల్యులార్ జైలు అక్కడికి దగ్గరే. సాయంత్రం లైట్ అండ్ సౌండ్ షో చూసి బయటికి రాగానే జనమంతా ఒక్కసారిగా బజార్‌లోకి దిగుతారు. మొదటి షోకి టికెట్ తీసుకుంటే ఆ రద్దీలోనైనా ఎక్కడో చోట కూర్చోగలుగుతారు. చివరి షో చూసేవాళ్లయితే ముందే ఏదో ఒకటి తిని వెళ్లండి, ముఖ్యంగా పిల్లలుంటే. శాకాహారులకి ఈ బజార్‌లోనే అన్నపూర్ణ కెఫెటేరియా ఉంది. ఇడ్లీ, దోసె దగ్గర్నుంచి ఉత్తరాది కూరల దాకా అన్నీ చేస్తారు. చేప వాసన పడని పెద్దవాళ్లని వెంట తీసుకెళ్లేవాళ్లకి నేను మొదట చెప్పే పేరు అదే.

తెలుగు వాళ్లకి ఈ ఊళ్లో ఒక సౌకర్యం ఉంది, దాన్ని వాడుకోండి. 2011 జనాభా లెక్కల ప్రకారం ఈ దీవుల్లో నూటికి 13 మందికి పైగా మాతృభాష తెలుగు. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి వేటకి వచ్చి ఉండిపోయిన కుటుంబాలు చాలా ఉన్నాయి. జంగ్లీఘాట్ వైపు వెళ్తే వీధిలో మన యాస చెవిన పడుతుంది. అక్కడి చేపల మార్కెట్‌కి పొద్దున్నే వెళ్లి చూడమని నా సలహా. మీరు వండుకునేది లేకపోయినా సరే, ఆ రోజు ఏ చేప పడిందో కళ్లతో చూస్తే మధ్యాహ్నం హోటల్లో ఏం అడగాలో తెలుస్తుంది.

ఒక పొద్దున వదినా నేనూ అక్కడ ఒక పెద్ద వంజరం ముందు ఆగాం. వదిన బేరం మొదలుపెట్టేలోపే అమ్మే ఆవిడ అడ్డం చెప్పింది. "ఏటమ్మా, మనోళ్లేనా? ఇది నిన్నటి సేప. యేపుడికైతే తీసుకెళ్లు, పులుసుకొద్దు" అంటూ, పక్కనున్న ఇంకో చేప మొప్ప ఎత్తి చూపించింది. మొదటిదాని మొప్ప లోపల గోధుమ రంగుకి తిరిగింది, రెండోది ఎర్రగా, తడిగా మెరుస్తోంది. ఆవిడే నా వేలు పట్టుకుని రెండింటి వీపు మీదా నొక్కించింది. తాజా దాని మీద సొట్ట వెంటనే సర్దుకుంది. నిన్నటిదాని మీద వేలి గుర్తు అలాగే ఉండిపోయింది. మొప్ప చూడటం అందరూ చెప్తారు గానీ, వేలి కింద ఆ తేడా తెలిశాక ఇక ఎవరూ మిమ్మల్ని మోసం చేయలేరు.

టూరిస్టు హోటళ్లలో బయట ఐసు మీద చేపల్ని పరిచి, "ఏది కావాలో చూపించండి, కాల్చి పెడతాం" అంటారు కదా, అక్కడ ఈ పరీక్షే చేయండి. మొహమాటం వద్దు. కన్ను ఉబ్బి, తేటగా ఉండాలి. లోపలికి పోయి తెల్లబడితే వద్దనండి. వాసన సముద్రపు వాసనే అయ్యుండాలి, ముక్కులోకి ఘాటుగా కొట్టకూడదు. ముక్కలు కోసి పెట్టినవాటికంటే తల, మొప్పలతో ఉన్న చేప మేలు, ఎందుకంటే ముక్కలో చూడటానికి ఏమీ మిగలదు.

ఏ చేప అడగాలి అంటే, మన తీరంలో సూర అని పిలిచే టూనా, వంజరం, పార, బరకుడా, రెడ్ స్నాపర్ ఎక్కువగా కనిపిస్తాయి. సూర విషయంలో ఒక్క జాగ్రత్త. పట్టిన వెంటనే ఐసులో పెట్టకపోతే దాని మాంసంలో హిస్టమిన్ అనే పదార్థం పెరుగుతుంది. అది ఎంత ఉడికించినా, కాల్చినా పోదు. తినేటప్పుడు నాలుక మీద మిరియపు ఘాటులా చురుక్కుమంటే అది మసాలా అనుకుని తినేయకండి, ప్లేటు పక్కన పెట్టేయండి. ముఖం ఎర్రబడటం, తలనొప్పి, దురద వస్తే డాక్టర్ దగ్గరికి వెళ్లండి. ఐసు సరిగ్గా వాడే చోట సూర ఎంత రుచిగా ఉంటుందో చెప్పలేను. మందంగా కోసి, పైపైన కాల్చి ఇస్తే ఇంకేదీ అడగబుద్ధి కాదు.

రంగురంగుల చిలుక చేపని మాత్రం అడగొద్దని వేడుకుంటున్నాను. పగడపు దిబ్బల మీద పాచిని గీకి తింటూ ఆ దిబ్బల్ని బతికించేది అదే. చచ్చిన పగడాన్ని కొరికి, నమిలి తెల్లటి ఇసుకగా మార్చేదీ అదే. ఆ దిబ్బల్ని చూడటానికే స్నార్కెలింగ్‌కి వెళ్తున్నాం కదా. గుడ్లతో ఉన్న రాతి రొయ్యని (లాబ్‌స్టర్‌ని) కూడా వద్దనండి.

పీతల దగ్గర ధర గొడవ ఎక్కువ. అండమాన్ మడ అడవుల్లో దొరికే మండపీత పేరు మోసినదే, నిజంగానే బాగుంటుంది. పీత బతికి ఉండాలి, చేతిలోకి తీసుకుంటే దాని సైజుకి మించిన బరువు తెలియాలి. తేలిగ్గా ఉంటే గుల్ల పెద్దది, లోపల మాంసం తక్కువ. అడుగున పొట్ట రేకు సన్నగా, కోసుగా ఉంటే మగది, వెడల్పుగా ఉంటే ఆడది. డెక్కల్లో మాంసం కావాలంటే మగది తీసుకోండి. మెనూలో ధర ఉండాల్సిన చోట "సైజుని బట్టి" అని రాసి ఉంటే, వండకముందే మీ ముందు తూకం వేయించి, వంట ఖర్చుతో కలిపి మొత్తం ఎంతో చెప్పించుకోండి. కిలోకా, పీసుకా అన్నది కూడా అడగండి. ఇలా అడిగితే ఎవరూ ఏమీ అనుకోరు. వండేశాక అడిగితేనే ఇబ్బంది.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరంలోలాగే అండమాన్‌లోనూ మర పడవల వేట నిషేధం ఉంటుంది. చిన్న పడవలు తెచ్చేది దొరుకుతుంది గానీ రకాలు తగ్గుతాయి, ధర పెరుగుతుంది. ఆ రోజుల్లో వెళ్తే "ఈరోజు పడింది ఏముంది?" అని అడిగి, వాళ్లు చెప్పింది తినండి. మీరు అనుకున్న చేప కోసమే పట్టుబడితే ఫ్రీజర్‌లోది వస్తుంది.

హావ్‌లాక్‌లో బీచ్‌లనీ ఊళ్లనీ నంబర్లతో పిలుస్తారు. మూడో నంబరు గోవింద్ నగర్ అసలు బజార్, ఐదో నంబరు విజయ్ నగర్ రిసార్టుల వరస, ఏడో నంబరు రాధానగర్ బీచ్. రిసార్టులో దిగినవాళ్లు మూడు పూటలా అక్కడే తినేసి వచ్చేస్తుంటారు, నాకు చాలా బాధగా ఉంటుంది. పొద్దున టిఫిన్ రూముతో కలిపి ఇస్తే అక్కడే తినండి, సరే. మధ్యాహ్నం మాత్రం బజార్‌కి రండి. తూర్పు బెంగాల్ నుంచి వచ్చిన శరణార్థి కుటుంబాలకి యాభైల్లో ఇక్కడ భూములిచ్చి స్థిరపరిచారు, ఆ ఇళ్ల వంటే ఈ బజార్ వంట. ఫిష్ థాలీ అంటే అన్నం, మసూర్ పప్పు, ఒక కూర, వంకాయో బంగాళదుంపో వేపుడు, చేప పులుసు. ఆవ నూనె వాసన మొదటి ముద్దకి మనకి కొత్తగా ఉంటుంది. రెండో ముద్దకి పప్పుతో కలుపుకుని, చేప ముక్కని కొంచెం కొంచెంగా నంజుకుంటూ తింటే ఆ పులుసులోని పచ్చిమిర్చి, ఆవ ఘాటు ఎందుకో అర్థమవుతుంది. కారం చాలకపోతే పచ్చిమిర్చి అడగండి, వెంటనే ఇస్తారు.

ఎలాంటి హోటల్ ఎంచుకోవాలి అంటే, మధ్యాహ్నం లోపల కూర్చున్నవాళ్లు ఎవరో చూస్తాను. ఆటో డ్రైవర్లు, జెట్టీలో పనిచేసేవాళ్లు, డైవింగ్ షాపుల కుర్రాళ్లు ఉంటే ధైర్యంగా కూర్చోండి. వాళ్లు రోజూ అక్కడే తినాలి కాబట్టి వండేవాళ్లు చెడగొట్టరు. పిజ్జా, మోమో, బిర్యానీ, మసాలా దోసె అన్నీ ఒకే మెనూలో ఉన్న చోట చేప తినాలని నాకెప్పుడూ అనిపించలేదు.

రాధానగర్‌కి మధ్యాహ్నం మూడింటికి చేరితే చాలు అనుకుంటారు. నేనైతే పదకొండుకి వెళ్తాను. బీచ్ గేటు దగ్గర చిన్న చిన్న భోజన దుకాణాలు, కొబ్బరి బొండాల బళ్లు ఉంటాయి. అక్కడే పన్నెండుకి థాలీ తిని, చెట్ల నీడలో ఒక గంట కూర్చుని, ఎండ తగ్గాక నీళ్లలో దిగొచ్చు. సూర్యాస్తమయం చూసి తిరిగొచ్చేటప్పుడు మాత్రం తిండి కోసం అక్కడ ఆగొద్దు. చీకటి పడగానే జనం ఖాళీ అవుతారు, బళ్లు దొరకడం కష్టం. నేరుగా గోవింద్ నగర్ వచ్చేసి ఏడింటికల్లా తినేయండి. రాత్రి పూట బీచ్ ఒడ్డున కొవ్వొత్తి వెలుగులో భోజనం కావాలనుకునే కొత్త జంటలు విజయ్ నగర్ వైపు కెఫేల్లో ముందే టేబుల్ చెప్పి ఉంచుకోవాలి, చేప ఏది కావాలో కూడా పొద్దున్నే చెప్తే మంచిది.

నీల్ చిన్నది, అక్కడ ఎక్కువ వెతుక్కోవాల్సింది లేదు. జెట్టీకి దగ్గర్లోని నీల్ కేంద్ర బజార్‌లో తినండి. అయితే శాకాహారులకి ఈ దీవి గురించి ఒక మంచి మాట. పోర్ట్ బ్లెయిర్‌లో, హావ్‌లాక్‌లో కనిపించే ఉల్లిపాయలు, బంగాళదుంపలు, పప్పులు చాలావరకు చెన్నై, కోల్‌కతా, విశాఖ నుంచి ఓడల్లో వస్తాయి, అందుకే కూరగాయల భోజనం కూడా అక్కడ చవక కాదు. నీల్‌లో మాత్రం కూరగాయలు పండిస్తారు, మిగతా దీవులకి ఇక్కడి నుంచి వెళ్తాయి. ఇక్కడ ఏ థాలీలోనైనా కూర తాజాగా ఉంటుంది. చేప తినని మా అమ్మకి ఆ టూర్ మొత్తంలో నచ్చిన భోజనం నీల్‌లో తిన్న ఆకుకూర పప్పే.

బారాటాంగ్ సున్నపురాయి గుహలకి వెళ్లే రోజు తిండి లెక్క వేరు. జిర్కాటాంగ్ చెక్‌పోస్టు నుంచి వాహనాలు గుంపుగా, పోలీసు కాపలాతో వెళ్తాయి. మొదటి కాన్వాయ్ పొద్దున ఆరింటి ప్రాంతంలో కదులుతుంది కాబట్టి పోర్ట్ బ్లెయిర్‌లో తెల్లవారుజామున నాలుగింటికే బయల్దేరాలి. ఆ టైముకి హోటల్లో ఏమీ ఉండదు. జిర్కాటాంగ్ గేటు దగ్గర టీ దుకాణాల్లో టీ, బ్రెడ్ ఆమ్లెట్, ఇడ్లీ లాంటివి దొరుకుతాయి, లైన్లో బండి పెట్టాక దిగి తినొచ్చు. గేటు దాటాక దారి అంతా జరావా అనే ఆదిమ తెగ ఉండే అడవి. బండి ఆపకూడదు, ఫొటోలు తీయకూడదు, వాళ్లు కనిపిస్తే అరటిపండు, బిస్కెట్ ఏదీ అందించకూడదు. 1956 నాటి ఆదిమ తెగల రక్షణ నిబంధనల కింద శిక్ష పడుతుంది. చట్టం మాట పక్కన పెట్టినా, మన తిండి, మన రోగాలు వాళ్లకి హాని. తినుబండారాలు సంచిలోనే ఉంచి, కిటికీ అద్దాలు వేసుకోండి. పిల్లలకి ముందే చెప్పి పెట్టండి.

గుహల నుంచి తిరిగొచ్చాక నీలంబూర్ జెట్టీ దగ్గరి హోటళ్లలో భోజనం. సాదా అన్నం, పప్పు, చేప, గుడ్డు. తిరుగు కాన్వాయ్ టైము మీ డ్రైవర్‌ని అడిగి తెలుసుకుని, దాన్ని బట్టి తొందరగా తినండి. అది తప్పితే తర్వాతి దాని కోసం చాలాసేపు కూర్చోవాలి. రాస్ ఐలాండ్, నార్త్ బే కలిపి వెళ్లే రోజు నార్త్ బేలో కొబ్బరి బొండాలు, పకోడీలు, నూడుల్స్ లాంటివి దొరుకుతాయి గానీ దాన్ని భోజనం అనుకోలేం. పొద్దున గట్టిగా టిఫిన్ తిని వెళ్లడమే. రాస్‌లో జింకలు దగ్గరికొస్తాయి, వాటికి చిప్స్ పెట్టకండి.

ఫెర్రీ ఎక్కే ముందు కడుపు ఖాళీగానూ ఉండకూడదు, నిండుగానూ ఉండకూడదు. రెండు ఇడ్లీలో, ఒక అరటిపండో గంట ముందు తినండి. నూనె పూరీలు, పాల కాఫీ వద్దు. వాంతి మాత్ర వేసుకునేవాళ్లు పడవ కదిలాక వేసుకుంటే లాభం లేదు, ఎక్కే ముందే డాక్టర్ చెప్పిన ప్రకారం వేసుకోవాలి. వానల కాలంలో సముద్రం బాగోకపోతే ఫెర్రీలు రద్దవుతాయి, జెట్టీలో గంటలు గంటలు గడపాల్సి వస్తుంది. జూన్ నుంచి నవంబర్ మధ్య వెళ్లేవాళ్లు అటుకుల మిక్చర్, చపాతీ, పచ్చడి లాంటివి ఒక డబ్బా సంచిలో ఉంచుకోండి.

చిన్న దీవుల్లో ఫోన్ పే, గూగుల్ పే నడిచినా సిగ్నల్ పోయినప్పుడు భోజనం చేసి కూర్చుని చూస్తూ ఉండాలి. ఏటీఎంలు తక్కువ. పోర్ట్ బ్లెయిర్‌లోనే నగదు తీసుకుని, అందులో చిల్లర నోట్లు కూడా ఉండేలా చూసుకోండి.

తిరుగు ప్రయాణం రోజు విమానాశ్రయంలో తిందామని ఆగకండి. అది ఊళ్లోనే ఉంది, జంగ్లీఘాట్‌కి బాగా దగ్గర. రూము ఖాళీ చేశాక సామాన్లు బండిలో పెట్టుకుని గోల్‌ఘర్‌లోనో జంగ్లీఘాట్‌లోనో ఏదైనా మెస్సులో ఆఖరి చేప భోజనం తిని, అక్కడి నుంచి నేరుగా వెళ్లిపోవచ్చు. మధ్యాహ్నం ఒంటిగంట తర్వాత విమానమైతే మెస్సులో అన్నం ఎన్నింటికి దింపుతారో ముందు రోజే అడిగి పెట్టుకోండి. కొన్నిచోట్ల పదకొండుకే సిద్ధంగా ఉంటుంది.